28 ఏళ్లుగా చిట్టా రాస్తున్నాను, ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చోమంటున్నారు

పసుపు గుమాస్తా:

అందరికీ నమస్కారం. నాకు 53 ఏళ్లు. దుగ్గిరాల పసుపు యార్డులో ఒక కమీషన్ కొట్టులో 28 ఏళ్లుగా గుమాస్తాని. చిట్టా (రోజువారీ లెక్క), ఆవర్జా (పేరు పేరునా ఖాతాలు), రైతుల బాకీలు, హమాలీ, కాటా కూలి అన్నీ నా చేతిరాతే. పదేళ్ల కిందటి పద్దు అడిగినా ఏ పుస్తకంలో ఏ వైపు పేజీలో ఉందో చెప్తాను. గొప్పకి చెప్పడం లేదు, నా గోడు మీకు అర్థం కావాలని.

షావుకారు గారు కొట్టు వాళ్లబ్బాయి చేతికిచ్చారు. మంచి కుర్రాడే. కానీ వచ్చే సీజన్ నుంచి లెక్కలన్నీ కంప్యూటర్‌లోనే అంటున్నాడు. "రెండు రోజుల పని బాబాయ్" అన్నాడు. రెండు నెలలైంది.

తెనాలిలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. మొదటి రోజు కంప్యూటర్ తరాలు, రెండో రోజు ఇన్‌పుట్ పరికరాలు, అవుట్‌పుట్ పరికరాలు అని నోట్సు చెప్పారు. శుభ్రంగా రాసుకున్నాను, రాయడం మనకి కొత్త కాదుగా. మూడో రోజు మౌస్ చేతికిచ్చారు. తెర మీద బాణం ఇంకా సగం దూరంలోనే ఉంది, నా చెయ్యి బల్ల అంచుకొచ్చేసింది. "సార్, బల్ల అయిపోయింది" అన్నాను. పక్కనున్న ఇంటర్ పిల్లలు నవ్వారు. మర్నాటి నుంచి వెళ్లలేదు.

ఇక కొట్టులో జరిగింది. ఎక్సెల్‌లో ఒక పేజీ కొట్టి చూద్దామని కూర్చున్నాను. మేము తూకం 8-35 అని రాస్తాం, అంటే ఎనిమిది క్వింటాళ్ల ముప్పై ఐదు కిలోలు. 8-35 కొట్టి ఎంటర్ నొక్కితే ఆగస్టు-35 అని వచ్చింది. పసుపు తూస్తే ఆగస్టు రావడమేమిటి? చెరిపేసి మళ్లీ కొట్టాను, మళ్లీ ఆగస్టే. ఇంకో చోట రైతుకివ్వాల్సిన మొత్తం బదులు ##### అని గీతల మీద గీతలు వచ్చాయి. లెక్కంతా కొట్టేసిందనుకుని భయమేసి గోడ దగ్గర స్విచ్ ఆపేశాను. అంతవరకూ కొట్టింది కూడా పోయింది.

అడిగేదేమిటంటే, నాలాంటివాడు ఎక్కడ మొదలుపెట్టాలి? ఎక్సెలా, లెక్కల కోసమే చేసిన ట్యాలీనా? తెలియక ఏదైనా నొక్కితే మిషన్ పాడైపోతుందా? ఇంట్లో నేర్చుకోడానికి సెకండ్ హ్యాండ్‌ది కొనొచ్చా? ఇదంతా ఫోన్‌లో మాటలు చెప్పి రాయించాను, తప్పులు మా అమ్మాయి దిద్దింది.

నెట్ సెంటర్ లక్ష్మి:

బాబాయ్ గారూ, నవ్విన పిల్లల్ని వదిలేయండి. మా సెంటర్‌కి వచ్చే ప్రతి పదిమందిలో సగం మందికి బల్ల అయిపోతుంది. మౌస్‌ని ఎత్తి మళ్లీ మధ్యలో పెట్టండి, అంతే. ఎత్తినప్పుడు బాణం ఉన్నచోటే ఉంటుంది. ఇది ఎవ్వరూ చెప్పరు, అందరికీ తెలుసనుకుంటారు. మణికట్టు బల్లకి ఆన్చండి, మౌస్‌ని నిమ్మకాయ పిండినట్టు పట్టుకోకండి. రోజూ ఓ పావుగంట సాలిటైర్ పేకాట ఆడండి. నిజంగానే చెప్తున్నా. 1990లో విండోస్ 3.0తో ఆ ఆట వచ్చినప్పుడు, ముక్కని పట్టి లాగి వదలడం చాలామందికి అలవాటైంది దాంతోనే.

ఆగస్టు సంగతి. మధ్యలో అడ్డగీత కనపడితే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుంటుంది. 8 ఎనిమిదో నెల, 35 సంవత్సరం. ఒకసారి అలా అనుకున్నాక ఆ గడికి తేదీ గుణం అంటుకుపోతుంది, తర్వాత 8.35 కొట్టినా జనవరి అంటుంది. అందుకే ముందు తూకం కాలమ్ మొత్తం ఎంచుకుని, పైన హోమ్‌లో నంబర్ ఫార్మాట్ పెట్టెలో నంబర్ అని ఎంచుకోండి. ఆ తర్వాత అడ్డగీత బదులు చుక్క పెట్టి కొట్టండి. క్వింటాలుకి వంద కిలోలే కాబట్టి సరిపోతుంది.

ఆ ##### అంటే కొట్టేసినట్టు కాదు. గడి ఇరుకైంది, అంకె పట్టలేదు. పైన కాలమ్ అక్షరాల మధ్య ఉన్న గీత మీద రెండుసార్లు క్లిక్ చేస్తే అదే వెడల్పవుతుంది. మీ లెక్క లోపల భద్రంగానే ఉంది.

రైతుల బ్యాంకు ఖాతా నంబర్లు ఎక్కించేటప్పుడు మాత్రం ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్ అని మార్చుకోండి. లేకపోతే మొదట్లో ఉన్న సున్నాలు మింగేస్తుంది, డబ్బు వెళ్లదు.

మీటలు నొక్కితే మిషన్ పాడవదు. తప్పు నొక్కితే కంట్రోల్ జెడ్, వెనక్కి వస్తుంది. పాడయ్యేదల్లా గోడ దగ్గర స్విచ్ ఆపితేనే. దయచేసి ఇంకెప్పుడూ ఆ పని చేయకండి.

సింపుల్‌గా:

ఇంత కష్టం ఎందుకండీ, ఫోన్‌లో బోలెడు ఖాతా యాప్‌లు ఉన్నాయి. ఈ వయసులో కంప్యూటర్ టెన్షన్ అవసరమా?

పాత క్యాషియర్:

"ఈ వయసులో" అనే మాట నేను 1990ల మొదట్లోనే విన్నాను, అప్పుడు నాకు 34. మా బ్యాంకు బ్రాంచికి లెడ్జర్ పోస్టింగ్ మెషీన్లు వచ్చాయి, ఏఎల్‌పీఎం అనేవాళ్లం. మా హెడ్ క్యాషియర్ గారు దాన్ని చూడగానే ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటానన్నారు. మేము ఏం చేశామో చెప్తాను, మీరూ అదే చేయండి.

పుస్తకం మానకండి. పగలంతా చేత్తోనే చిట్టా రాయండి. సాయంత్రం కొట్టు సర్దుకున్నాక అదే పేజీని కంప్యూటర్‌లో ఎక్కించండి. చివర్లో రెండు మొత్తాలూ కలవాలి. కలవకపోతే కలిసేదాకా లేవకూడదు. మేము కొన్ని నెలలు రెండూ నడిపాం. మిషన్ మీద నమ్మకం ఎవరో చెప్తే రాదండీ, ఇలా రోజూ కలుస్తుంటేనే వస్తుంది. మీ చిన్న షావుకారికి కూడా ఈ మాట చెప్పండి, సీజన్ మధ్యలో ఒక్కసారిగా పుస్తకం మూసేస్తే ఇద్దరూ ఇరుక్కుంటారు.

కాలిక్యులేటర్ మీ వేళ్లకి వచ్చు కదా? కీబోర్డు కుడివైపు అంకెల దిమ్మె అచ్చం దానిలాగే ఉంటుంది, 7-8-9 పైన, 5 మీద చిన్న బొడిపె. చూడకుండా కొట్టగలరు. అంకెలు పడకుండా గడులు అటూ ఇటూ దూకుతుంటే నమ్‌లాక్ ఆగిపోయిందని అర్థం. వరుసలో ఒక్కో గడికీ టాబ్ కొడుతూ పొండి, చివరికొచ్చాక ఎంటర్ కొడితే కింది వరుసలో మొదటి గడికి అదే వెళ్తుంది. మౌస్ ముట్టుకునే పనే ఉండదు. పేజీ అయ్యాక కంట్రోల్ ఎస్ కొట్టండి, భద్రమవుతుంది.

ట్యాలీ తర్వాత చూసుకోండి. అది మీకు ఎక్సెల్ కంటే తేలికగా వస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే అందులో డే బుక్ అంటే మీ చిట్టా, లెడ్జర్ అంటే మీ ఆవర్జా. చెల్లింపుకి ఎఫ్5, వసూలుకి ఎఫ్6, అమ్మకానికి ఎఫ్8, కొనుగోలుకి ఎఫ్9. జమా ఖర్చు తెలియని పిల్లలు అందులోనే కదా తడబడేది.

సెకండ్ హ్యాండ్‌ది కొనొచ్చు. విండోస్ 11 పడుతుందో లేదో మాత్రం అడగండి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, అందుకని పాతవి చవగ్గా అంటగడుతున్నారు.

పసుపు గుమాస్తా:

పాత క్యాషియర్ గారూ, లక్ష్మమ్మా, మీ ఇద్దరికీ దండాలు. ఫోన్ యాప్ చెప్పిన బాబుకి: మా కొట్టులో ఒక్కో రైతుకి పదకొండు కాలమ్‌లు పడతాయి నాయనా, పసుపులో కొమ్ము రకం వేరు, కాయ రకం వేరు. ఫోన్‌లో చూడ్డానికి నా కళ్లద్దాలు చాలవు.

టాబ్, ఎంటర్ సంగతి బాగా పట్టుబడింది. రైతుల పేర్లే అవస్థ. ఇంగ్లీషులో కొడితే ఒకే పేరు మూడు రకాలుగా పడుతోంది. తెలుగులో రాదా?

అచ్చుల పిచ్చి:

ఎందుకు రాదు! సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు కలుపుకోండి, ఆపైన విండోస్ మీట పట్టుకుని స్పేస్ బార్ నొక్కితే ఇంగ్లీషుకీ తెలుగుకీ మారుతుంది. ఇంగ్లీషు ఉచ్చారణతో కొట్టే ఫొనెటిక్ కీబోర్డు కూడా 2019 నుంచి విండోస్‌లోనే ఉంది, కానీ మీకు ఇంగ్లీషు కీబోర్డే ఇంకా అలవాటు లేదు కాబట్టి నేరుగా తెలుగు అక్షరాలే మీటలకి ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోమంటాను. గుణింతాలన్నీ ఎడమచేతి కింద, హల్లులు ఎక్కువగా కుడిచేతి కింద. పలకమీద దిద్దిన పద్ధతే. ముందు మీ సరుకు పేరు రాయండి: హెచ్, ఎం, జి, హెచ్, జి. చూడండి ఏం వస్తుందో. ఒత్తు కావాలంటే మధ్యలో డి.

పసుపు గుమాస్తా:

పసుపు వచ్చింది! మా అమ్మాయికి చూపించాను.

పన్నెండు రోజులైంది, జరిగింది చెప్పాలి. క్యాషియర్ గారు చెప్పినట్టే రోజూ రెండూ రాస్తున్నాను. మొన్న రాత్రి పుస్తకంలో మొత్తం తూకం 212-60, తెర మీద 213.05. నలభై ఐదు కిలోల తేడా. చిన్నబాబు "కంప్యూటర్ తప్పు చేయదు బాబాయ్, నీ కూడికే తప్పు" అన్నాడు. మూడుసార్లు కూడాను, నాది 212-60యే.

అప్పుడు మా పాత షావుకారు గారు నేర్పింది గుర్తొచ్చింది. తేడా తొమ్మిదితో తెగితే కూడికలో వెతక్కు, ఎక్కడో అంకెలు తారుమారై ఉంటాయి, చూడు అనేవారు. నలభై ఐదు తెగుతుంది కదా. వేలు పెట్టి ఒక్కో వరుసా చూసుకుంటూ వచ్చాను. ఒక రైతుది పుస్తకంలో 8-5. ఎనిమిది క్వింటాళ్ల ఐదు కిలోలు. లక్ష్మమ్మ చెప్పినట్టు గీత తీసి చుక్క పెట్టాను, 8.5 అయింది. దానికి లెక్కలో అది ఎనిమిదిన్నర క్వింటాళ్లు! 8.05 అని కొట్టాల్సింది. చూసుకోకపోతే లేని నలభై ఐదు కిలోలకి డబ్బు కట్టేవాళ్లం.

చిన్నబాబు ఏమీ అనలేదు. పోయిన నెలలో తను ఎక్కించిన పేజీలు తెరిచి చూసుకుంటూ కూర్చున్నాడు. రాత్రి పదింటికి అన్నం వేళకి ఇంకా చూస్తూనే ఉన్నాడు.

నెట్ సెంటర్ లక్ష్మి:

అయ్యో బాబాయ్ గారూ, ఆ సున్నా సంగతి నేను చెప్పి ఉండాల్సింది. తప్పు నాదే.

పసుపు గుమాస్తా:

నీ తప్పు కాదమ్మా, నువ్వు పసుపు తూయలేదు కదా. ఇక నుంచి పుస్తకంలో కూడా 8-05 అనే రాస్తున్నాను.

ఇంకొకటి అడగాలి. ప్రింటు తీస్తే చివరి రెండు కాలమ్‌లు వేరే కాగితం మీద పడుతున్నాయి. కత్తిరించి అంటిస్తున్నాను.

నెట్ సెంటర్ లక్ష్మి:

అంటించకండి! పేజ్ లేఅవుట్‌లో ల్యాండ్‌స్కేప్ పెట్టండి, పక్కనే విడ్త్ అని ఉన్నచోట 1 పేజ్ ఎంచుకోండి.

పసుపు గుమాస్తా:

ఒకే కాగితం మీద వచ్చింది. అక్షరాలే చీమల్లా ఉన్నాయి, సర్లే, కళ్లద్దాలు మార్చుకుంటాను.