తెల్లవారుజామున 4:30 విమానం: విజయవాడ నుంచి ఆరుగురం శంషాబాద్‌కు ఎప్పటికి చేరాలి?

బెజవాడ బాటసారి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. వచ్చే మే నెలలో, పిల్లల వేసవి సెలవుల్లో, కుటుంబమంతా కలిసి అమెరికా వెళ్తున్నాం. నేను, నా భార్య, తొమ్మిదేళ్ళ బాబు, మూడేళ్ళ పాప, డెబ్బై దాటిన మా అమ్మానాన్నలు, మొత్తం ఆరుగురం. హైదరాబాద్ నుంచి దుబాయ్, అక్కడి నుంచి దాదాపు పదహారు గంటలు ప్రయాణించి డాలస్‌లో మా చెల్లెలి ఇంటికి చేరతాం. అంతా ఒకే టికెట్టు మీద ఉంది. శంషాబాద్‌లో విమానం బయలుదేరేది శనివారం తెల్లవారుజామున 4:30కి.

మూడు గంటల ముందు రమ్మని విమాన సంస్థ చెబుతోంది. పెద్దవాళ్ళు, పసిపిల్ల ఉన్నారు కాబట్టి ఐదు గంటల ముందే చేరిపొమ్మని మా మామగారు అంటున్నారు. వెబ్ చెకిన్ ఇంట్లోనే చేసుకుంటే రెండు గంటలు చాలని మా బావమరిది వాదన. శుక్రవారం సాయంత్రం విజయవాడ నుంచి నేరుగా విమానాశ్రయానికి వెళ్ళడం మంచిదా, ఉదయమే బయలుదేరి హైదరాబాద్ వనస్థలిపురంలోని మా పిన్నిగారి ఇంట్లో కాస్త నడుం వాల్చి రాత్రికి వెళ్ళడం మంచిదా అన్నది రెండో సందేహం.

టికెట్టు ప్రకారం మనిషికి 23 కిలోల పెట్టెలు రెండేసి తీసుకెళ్ళవచ్చు. ఆవకాయ రోజులు కావడంతో మా అమ్మ ఆ పన్నెండు పెట్టెలూ నింపే ఉత్సాహంలో ఉంది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, నాన్నగారు ఇన్సులిన్ తీసుకుంటారు. అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. దాని వల్ల కౌంటర్ దగ్గర ఆటంకం వస్తుందేమోనన్న భయం కూడా ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

ఔటర్ రింగు

బాటసారి గారూ, విమానం ఎగిరే సమయాన్ని పక్కన పెట్టి, చెకిన్ కౌంటర్ మూసే సమయం నుంచి వెనక్కి లెక్క వేసుకోండి. దూర ప్రయాణాల విషయంలో చాలా సంస్థలు గంట ముందు కౌంటర్ మూసేస్తాయి, కొన్ని ఇంకా ముందే మూస్తాయి. మీ టికెట్టు షరతుల్లో ఆ సమయం రాసి ఉంటుంది, చూసుకోండి. అది 3:30 అనుకుందాం. ఆరుగురి పాస్‌పోర్టులు, వీసాలు చూసి, పెట్టెలు తూచి, ట్యాగులు వేసి, అమెరికాలో దిగే చిరునామా కంప్యూటర్‌లోకి ఎక్కించి, వీల్‌చైర్ మనిషిని పిలిపించేసరికి కౌంటర్ ముందు నిలబడ్డాక కూడా అరగంట సులువుగా గడుస్తుంది. శంషాబాద్ నుంచి గల్ఫ్ వైపు, యూరప్ వైపు వెళ్ళే విమానాల్లో చాలావాటికి అర్ధరాత్రికీ తెల్లవారుజాముకూ మధ్యనే వేళ కావడంతో వరుసలన్నీ ఒకేసారి పెరుగుతాయి. అందుకు ఇంకో ముప్పావు గంట, ఒక్కోసారి గంట వేసుకోవాలి. అలా రెండు గంటలు అవుతుంది. అనుకోని జాప్యాలకు ఇంకో గంటంబావు కలుపుకుని, ఒంటిగంటకు పావుగంట ముందే టెర్మినల్ దగ్గర దిగేటట్లు చూసుకోండి.

మామగారి ఐదు గంటల సలహాలోని జాగ్రత్త మంచిదే, కానీ దాన్ని టెర్మినల్‌లో కాకుండా రహదారి మీద ఖర్చు పెట్టడం మేలు. కౌంటర్లు సాధారణంగా మూడు, నాలుగు గంటల ముందు తెరుస్తారు. పదకొండున్నరకే చేరితే, తెరవని కౌంటర్ ఎదుట ట్రాలీలకు కాపలా కాస్తూ, నిద్రకు ఏడ్చే పాపను ఎత్తుకుని తిరగడం తప్ప చేసేదేమీ ఉండదు. ఇక బావమరిది గారి లెక్క చేతిసంచితో ఒంటరిగా వెళ్ళేవారికి సరిపోతుంది. వెబ్ చెకిన్ తప్పక చేయండి, ఎందుకంటే ఆరుగురికీ దగ్గర దగ్గర సీట్లు దొరికేది అప్పుడే. అంతమాత్రాన పెట్టెలు ఇవ్వడానికీ వీసాలు చూపడానికీ కౌంటర్‌కు వెళ్ళడం తప్పదు.

రహదారి విషయానికి వస్తే ఉదయమే బయలుదేరడానికే నా ఓటు. విజయవాడ నుంచి శంషాబాద్ 270 కిలోమీటర్లు దాటుతుంది. చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు, సూర్యాపేట దగ్గర టిఫిను, పెద్దవాళ్ళ కోసం ఒకటి రెండు విరామాలు కలిపితే ఆరు గంటలు పడుతుంది. మధ్యలో టైరు పోయినా, ఏదైనా ప్రమాదం వల్ల వాహనాలు నిలిచిపోయినా పగటిపూట ఆ జాప్యాన్ని భరించవచ్చు. సాయంత్రం ఆరుకు బయలుదేరినవారికి అంత వెసులుబాటు ఉండదు. వనస్థలిపురం నుంచి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే రాత్రివేళ గంటలోపే విమానాశ్రయం చేరతారు. పిన్నిగారి ఇంట్లో భోజనాలు తొమ్మిదికల్లా ముగియాలని మాత్రం ముందే చెప్పి ఉంచండి. పదకొండున్నరకు గుమ్మం దాటాల్సినవారిని 'పాయసం తినకుండా ఎలా వెళ్తారు' అని ఆపేవారు మన ఇళ్ళలో ఒకరైనా ఉంటారు.

వాహనం మాట్లాడేటప్పుడు 'శనివారం విమానం' అని చెప్పకండి. డ్రైవరు శనివారం రాత్రికి రాసుకునే ప్రమాదం ఉంది. 'శుక్రవారం రాత్రి 11:30కి వనస్థలిపురంలో ఎక్కాలి' అని సందేశం పంపించి, అవునని బదులు తీసుకోండి.

విమానాశ్రయంలో ర్యాంపు మీదుగా పై అంతస్తుకు వెళ్ళాలి. కొన్నేళ్ళు అంతర్జాతీయ ప్రయాణాలకు పక్కనే వేరే తాత్కాలిక టెర్మినల్ ఉండేది. 2023 చివర వాటిని మళ్ళీ విస్తరించిన ప్రధాన టెర్మినల్‌లోకే తెచ్చారు, కాబట్టి పాత జ్ఞాపకంతో ఎవరైనా దారి చెబితే వినకండి. గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ సిబ్బంది ఒక్కొక్కరి పాస్‌పోర్టు, టికెట్టు చూసి లోపలికి పంపుతారు. ముఖం గుర్తుపట్టి లోపలికి పంపే డిజి యాత్ర యాప్ దేశీయ ప్రయాణాలకే కనుక ఇక్కడ పనికిరాదు. ఇమ్మిగ్రేషన్ దగ్గర నాన్నగారు ఫారం కోసం వెతక్కుండా చెప్పండి; భారతీయులు విదేశాలకు వెళ్ళేటప్పుడు నింపే ఆ కార్డును 2017 జులై 1 నుంచే ఎత్తేశారు. 2025 జనవరి నుంచి హైదరాబాద్‌లోనూ ఫాస్ట్ ట్రాక్ ఇమ్మిగ్రేషన్ ఉంది. కానీ ముందుగా దరఖాస్తు చేసి వేలిముద్రలు ఇచ్చి ఉండాలి, చిన్న పిల్లలకు అది వర్తించదు. అందరూ కలిసి వెళ్ళాల్సిన మీకు దానితో పెద్దగా ఒరిగేదేమీ లేదు.

మూటాముల్లె

సమయం సంగతి పైవారు చక్కగా చెప్పారు. నా అభిప్రాయంలో మీ అసలు సమస్య ఆ పన్నెండు పెట్టెలు.

పన్నెండు పెద్ద పెట్టెలు, ఆరు చేతిసంచులు, పాప బండి ఎక్కాలంటే ఇన్నోవా చాలదు. ఆరుగురు కూర్చున్నాక వెనక మిగిలే చోటులో మూడు పెట్టెలు పట్టడమే కష్టం. టెంపో ట్రావెలర్ మాట్లాడారనుకుందాం. విమానాశ్రయంలో ఒక ట్రాలీ మీద మూడు పెట్టెలు పేర్చినా నాలుగు ట్రాలీలు అవుతాయి. అమ్మగారు వీల్‌చైర్‌లో ఉంటారు, నాన్నగారి చేత తోయించలేరు, బాబు చిన్నవాడు, పాపను ఒకరు పట్టుకోవాలి. మరి నాలుగు ట్రాలీలు తోసేదెవరు? డబ్బు తీసుకుని తోసిపెట్టే పోర్టర్లు శంషాబాద్‌లో దొరుకుతారు, సరే. డాలస్‌లో దిగాక ఆ పన్నెండింటినీ బెల్టు మీద నుంచి లాగాల్సింది మీరిద్దరే. టికెట్టు ఇచ్చింది కదా అని హక్కంతా వాడుకోవాల్సిన పనిలేదు. ఏడెనిమిది పెట్టెలతో ముగించండి.

బరువు ఏ పెట్టెకు ఆ పెట్టెకే లెక్క. ఒకటి 25, ఇంకొకటి 21 ఉంటే కలిపి 46 అని వాదించడానికి వీలుండదు. కౌంటర్ల పక్కన నేల మీద పెట్టెలు తెరుచుకుని, చీరల మధ్య నుంచి కారప్పొడి పొట్లాలు తీసి ఇంకో దాంట్లోకి మార్చే కుటుంబం లేని రాత్రి శంషాబాద్‌లో ఉండదేమో. వరుసలో ముందుకొచ్చాక అలా పక్కకు తప్పుకుంటే మళ్ళీ ఎంత సేపు ఆగాలో తెలియదు. కొక్కేనికి తగిలించి తూచే చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కుని, ప్రతి పెట్టెనూ 22.5 దగ్గర ఆపేయండి. ఇంటి త్రాసుకూ కౌంటర్ త్రాసుకూ కాస్త తేడా ఉంటుంది.

లోపల పెట్టే వస్తువుల్లో అమ్మగారితో కూర్చుని చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆవకాయను అమెరికాకని చెబితే పచ్చళ్ళ దుకాణంవాళ్ళే గాలి చొరబడకుండా ప్యాక్ చేసి ఇస్తారు, అది చెకిన్ పెట్టెలోకే వెళ్ళాలి. మాంసం పచ్చళ్ళు, పచ్చి కరివేపాకు అమెరికాలోకి రానివ్వరు. ఎండుకొబ్బరి చిప్పల్లో నూనె ఎక్కువ, మంట పట్టుకునే గుణం ఉంది. అందుకే 2022 మార్చిలో చెకిన్ సామానులో నిషిద్ధ వస్తువుల జాబితాలో చేర్చారు. అన్నిటికంటే ముఖ్యం గసగసాలు. యూఏఈలో అవి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి, మీరు మారేది దుబాయ్‌లో. మసాలా పొడుల్లో గసగసాలు కలిపారేమో కూడా అడిగి, కలిపితే ఇంట్లోనే వదిలేయండి.

పవర్‌బ్యాంకు పొరపాటున కూడా పెద్ద పెట్టెలో ఉండకూడదు. స్కానింగ్‌లో కనబడితే పెట్టెను ఆపి మిమ్మల్ని వెనక్కి పిలుస్తారు, అప్పటికి మీరు ఇమ్మిగ్రేషన్ వరుసలో ఉంటారు. చేతిసంచిలో ద్రవాలు 100 మిల్లీలీటర్లకు మించని సీసాల్లోనే ఉండాలి. పాప పాలకూ ఆహారానికీ ఆ పట్టింపు లేదు, కానీ బయటకు తీసి చూపించండి.

పెద్దదిక్కు

మీ అమ్మానాన్నల గురించి మాత్రమే రాస్తాను.

వీల్‌చైర్ కావాలని కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకు చెప్పి, అది టికెట్టులో నమోదైందో లేదో చూసుకోండి. కౌంటర్ దగ్గర అడిగినా ఇస్తారు, కానీ రద్దీ రాత్రుల్లో చాలాసేపు ఎదురుచూడాలి. ఇద్దరికీ అడగండి. 'నాకెందుకు, నేను నడవగలను' అని నాన్నగారు అనవచ్చు. శంషాబాద్‌లో నడవగలరు, దుబాయ్‌లో ఒక గేటు నుంచి ఇంకొక గేటుకు దూరం చూశాక ఆ మాట అనరు. అక్కడ వీల్‌చైర్ ప్రయాణికులను ఒకచోట కూర్చోబెట్టి విడిగా తీసుకెళ్ళే పరిస్థితి వస్తుంది, కుటుంబమంతా వెంట ఉండటానికి కుదరకపోవచ్చు. కాబట్టి అన్ని పాస్‌పోర్టులూ మీ సంచిలో పెట్టుకోకుండా, ఎవరి పాస్‌పోర్టు, బోర్డింగ్ పాసులు, చెల్లెలి చిరునామా, ఫోను నంబరు రాసిన కాగితం వారి వారి మెడ సంచిలోనే ఉంచండి. పాత పాస్‌పోర్టులో వీసా ఉంటే పాత, కొత్త రెండూ వెంట ఉండాలి.

ఇన్సులిన్ చెకిన్ పెట్టెలో పెట్టవద్దు, సామాను గదిలో చలికి గడ్డకట్టి పాడయ్యే అవకాశం ఉంది. డాక్టరు చీటీతో, చల్లగా ఉంచే సంచిలో పెట్టి చేతిలో పట్టుకెళ్ళండి. సూదులు ఉన్నాయని సెక్యూరిటీ దగ్గర ముందే చెప్పాలి. రెండు రోజులకు సరిపడా బీపీ మాత్రలు కూడా చేతిసంచిలోనే ఉండాలి. దగ్గు మందుల్లో కోడీన్ ఉన్నవి యూఏఈ మీదుగా తీసుకెళ్ళకపోవడమే క్షేమం.

ఇంటిపేరు ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు మన పెద్దవాళ్ళలో చాలామందికి ఉన్నాయి, అమెరికా వీసా అధికారులకు అది కొత్తకాదు. అలాంటప్పుడు పాస్‌పోర్టులో ఉన్న ఒక్క పేరునూ వీసా మీద ఇంటిపేరు గడిలో వేసి, రెండో గడిలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే సొంత పేరు తెలియదు) అని ముద్రిస్తారు. టికెట్టులో మాత్రం ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి: కొందరు అదే పేరును రెండుసార్లు రాస్తారు, కొందరు ఎఫ్ఎన్‌యూ అనే వేస్తారు. ఈ వారమే వారికి ఫోను చేసి, అమ్మగారి పాస్‌పోర్టు, వీసా చేతిలో పట్టుకుని అక్షరం అక్షరం చదివించి సరిచూసుకోండి, ఎందుకంటే టికెట్టు పేరు దిద్దడం బయలుదేరే రాత్రి కౌంటర్‌లో జరిగే పని కాదు. తిరుగు ప్రయాణంలో దుబాయ్‌లో దిగి ఊరు చూద్దామనుకుంటే ఇంకొక చిక్కు ఉంది. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వచ్చేవారికి 2022 నవంబరు నుంచి యూఏఈ ఆంక్షలు పెట్టింది. విమానాశ్రయం దాటకుండా విమానం మారడానికి ఆ వీసా అక్కర్లేదు.

బెజవాడ బాటసారి

అందరికీ ధన్యవాదాలు. శుక్రవారం ఉదయం ఏడింటికే బయలుదేరి పిన్నిగారి ఇంటికి వెళ్ళాలని, రాత్రి 11:30కి అక్కడి నుంచి కదలాలని నిర్ణయించాం. పెట్టెలు ఎనిమిదికి దిగాయి. గసగసాల మాట విన్నాక అమ్మే రెండు మసాలా డబ్బాలు పక్కన పెట్టింది. టికెట్టులో అమ్మ పేరు రెండుసార్లు వచ్చి ఉంది. అది తమ పద్ధతేనని, మార్చనక్కర్లేదని విమాన సంస్థ వారు చెప్పారు. మామగారు ఇంకా పన్నెండింటికే చేరాలంటున్నారు. చివరిగా ఒక్క సందేహం: పాప బండిని కౌంటర్‌లో ఇచ్చేయాలా, విమానం దాకా తీసుకెళ్ళవచ్చా?

ఔటర్ రింగు

మడత పెట్టగల బండి అయితే చాలా సంస్థలు విమానం గేటు దాకా తీసుకెళ్ళనిస్తాయి, కానీ కౌంటర్‌లోనే దానికీ ట్యాగు వేయించుకోవాలి. సెక్యూరిటీ దగ్గర పాపను దింపి, బండిని మడిచి స్కానర్ మీద పెట్టాలి, కాబట్టి దాని అడుగు సంచిలో ఏమీ పెట్టకండి. ట్యాగు వేసేటప్పుడే అది దుబాయ్ గేటు దగ్గర చేతికి వస్తుందా, నేరుగా డాలస్ బెల్టు మీదకే వస్తుందా అని అడిగి తెలుసుకోండి. డాలస్‌కే పంపుతామంటే దుబాయ్‌లో పాపను ఎత్తుకోవడానికి ఒక బేబీ క్యారియర్ చేతిసామానులో ఉంచుకోండి. మామగారు పన్నెండింటికి అంటే అలాగే కానివ్వండి, ఆ ముప్పావు గంట వల్ల వచ్చే నష్టం లేదు.