బరువు గురించి మొహం మీద అనేస్తే మేలా, కీడా?

గోదారి అమ్మాయి:
మొన్న మా పిన్ని కూతురి పెళ్లిలో అక్షింతలు వేసి మండపం దిగుతుంటే మా పెద్దమ్మ జబ్బ పట్టుకుని, "ఏంటే ఇంత ఒళ్లు చేశావు? మీ ఆయన ఏమీ అనడా?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బూరె ఆకులోనే వదిలేసి లేచొచ్చాను. ఆ రాత్రి అందరూ పడుకున్నాక, ఫ్రిజ్ తలుపు తీసి నిలబడి, కట్టిచ్చిన బూరెలు ఐదూ తినేశాను. "నీ మంచికే చెప్పాం" అంటారు. అలా అనిపించుకుని బరువు తగ్గినవాళ్లు మీకెవరైనా తెలుసా?

ఖమ్మం కుర్రాడు:
నవ్వడం తప్పే అక్కా. కానీ అసలు నోరెత్తకపోవడం ఇంకా పెద్ద తప్పు. మా నాన్న 98 కిలోలు. నొచ్చుకుంటారని ఇంట్లో ఎవరం అనలేదు. షుగర్ బయటపడేసరికే అరికాళ్లు తిమ్మిర్లు. కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని తర్వాత డాక్టరు చెప్పారు. ఆ మాట ఐదేళ్ల ముందు ఇంట్లో ఎవరైనా అని ఉంటే! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో అధిక బరువు దేశంలో 24 శాతం, తెలంగాణలో 30.1, ఆంధ్రలో 36.3. ఇంతమందికి మొహమాటంతో సరిపెడదామా?

గుంటూరు సిస్టర్:
నేను షుగర్ ఓపీలో నర్సుని. ఒకప్పుడు మా బరువు మిషన్ వరండాలో ఉండేది, అంకె పైకి చదివేవాళ్లం. ఒకావిడ చెప్పులు విడిచింది, గాజులు తీసింది, గొలుసు కూడా తీసి కూతురి చేతికిచ్చి ఎక్కింది. నేను అంకె చదవగానే బెంచీ మీది మగవాళ్లు తలలు తిప్పి చూశారు. మరుసటి నెల ఆవిడ రాలేదు, షుగర్ మందులకు కూడా. అది నా వల్లే. ఇప్పుడు మిషన్ గదిలో, కర్టెన్ వెనకాల.

తమ్ముడూ, 2010లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే స్థూలకాయం ఉన్నవాళ్లకు డిప్రెషన్ వచ్చే అవకాశం 55 శాతం ఎక్కువని, డిప్రెషన్ ఉన్నవాళ్లకు స్థూలకాయం వచ్చే అవకాశం 58 శాతం ఎక్కువని తేలింది. మనసుకి వాడే మందుల్లో మిర్టజపిన్, ఒలాంజపిన్ లాంటివి బరువు పెంచుతాయి. గురకతో రాత్రి నిద్ర చెడితే పగలంతా మగత, చిరాకు. ఇవేవీ అడక్కుండా "తగ్గు" అంటే ఏం తగ్గుతారు?

ఖమ్మం కుర్రాడు:
ఆ కర్టెన్ సంగతి ఒప్పుకుంటా సిస్టర్. కానీ నడుము ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే షుగర్, బీపీ చూపించుకోమని ఇంట్లోవాళ్లు అనకపోతే ఎవరంటారు? నేను మాత్రం అంటాను.

గోదారి అమ్మాయి:
అను తమ్ముడూ, నలుగురిలో కాదు. మా అత్తగారు ఒక్క మాట అనలేదు. "పొద్దున్నే నీరసంగా ఉంటున్నావు, పద" అని థైరాయిడ్ పరీక్షకు తోడొచ్చారు. తేడా ఉందని తేలి మందు మొదలైంది. బరువు రెండు కిలోలే తగ్గింది, నీరసం మాత్రం పోయింది. మాఘంలో మా పెద్దమ్మ కొడుకు పెళ్లి. వెళ్లాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.