లేత్ ఇన్సర్ట్ అరుగుదల కొలిచి మారుస్తున్నారా, లెక్కపెట్టి మారుస్తున్నారా?

భీమవరం_లేత్:
రొయ్యల చెరువుల ఏరేటర్లకి 25 ఎంఎం షాఫ్టులు తీస్తున్నాను, ఎస్‌ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీల్). ఇన్సర్ట్ (లోహాన్ని కోసే కార్బైడ్ ముక్క) సీఎన్‌ఎంజీ 120408, స్పీడు నిమిషానికి 120 మీటర్లు (సుమారు 1,530 ఆర్‌పీఎమ్), ఫీడ్ (ఒక చుట్టుకి టూల్ జరిగేది) 0.2 ఎంఎం. బేరింగ్ సీటు (షాఫ్టు మీద బేరింగ్ కూర్చునే చోటు) సైజు పొద్దుటికీ మధ్యాహ్నానికీ పెరిగిపోతోంది. ఇన్ని షాఫ్టులకోసారి ఇన్సర్ట్‌ని కొత్త కార్నర్‌కి (మూలకి) తిప్పమని కొందరు, శబ్దం మారేదాకా ఆగమని కొందరు. కొలిచి మార్చేవాళ్లు ఎలా కొలుస్తున్నారండి?

తణుకు_టూల్‌రూమ్:
శబ్దం మారిందంటే అప్పటికే ఆలస్యమైపోయిందండి. చూడాల్సింది ఫ్లాంక్, అంటే జాబ్‌కి (కోసే షాఫ్టుకి) రాసుకునే పక్క. అంచు కింద మెరిసే పట్టీ వెడల్పు కొలవాలి. టూల్ ఆయుష్షు పరీక్షల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 3685లో కార్బైడ్ టూల్ ఆయుష్షుకి హద్దు: సమంగా అరిగితే సగటున 0.3 ఎంఎం, ఎగుడుదిగుడుగా అరిగితే ఎక్కువ ఉన్నచోట 0.6. బేరింగ్ సీటు ఫినిషింగ్‌కి మాత్రం నేనైతే 0.2 దాటనివ్వను.

యూఎస్‌బీ మైక్రోస్కోప్ చాలు. ముందు అంచుకి అతుక్కున్న ఎస్‌ఎస్ ముద్ద తీసెయ్యండి, లేకపోతే అరుగుదల దాని కింద దాక్కుంటుంది. ఫ్లాంక్ లెన్సుకి ఎదురుగా ఉండాలి. 20 డిగ్రీలు వాలితే 6 శాతం తక్కువ చూపిస్తుంది. జూమ్ కదపకుండా అర ఎంఎం గీతల స్కేలుని కూడా ఫొటో తీసి, దాంతో పోల్చి లెక్కకట్టండి.

మండపేట_టర్నర్:
సైజు ఎందుకు పెరుగుతోందో లెక్క ఇదిగోండి. ఆ ఇన్సర్ట్‌కి హోల్డర్‌లో క్లియరెన్స్ (ఫ్లాంక్‌కీ జాబ్‌కీ మధ్య కోణం) 6 డిగ్రీలు. పట్టీ 0.3 అయితే అంచు 0.03 వెనక్కి పోయినట్టు, వ్యాసం మీద 0.06 పెరిగినట్టు. కాబట్టి పది షాఫ్టులకోసారి మైక్రోమీటర్ రీడింగ్, వేసిన ఆఫ్‌సెట్ (సైజు సరిచెయ్యడానికి టూల్‌ని జరిపినంత) రెండూ పుస్తకంలో రాయండి. కొత్త కార్నర్ మొదట్లో గబగబా అరిగి, తర్వాత చాలాసేపు నిదానంగా అరుగుతుంది. ఆఫ్‌సెట్ మళ్లీ దగ్గరదగ్గరగా వెయ్యాల్సి వస్తోందంటే మళ్లీ గబగబా అరిగే మూడో దశ మొదలైనట్టే, అక్కడ ఆగకూడదు.

భీమవరం_లేత్:
పట్టీ 0.15 కూడా లేదండి. కానీ డెప్త్ గీత (అంచు మీద కోత లోతు ముగిసే చోటు) దగ్గర గాడిలా పడింది, ఇంచుమించు 0.5.

తణుకు_టూల్‌రూమ్:
అది నాచ్. 304 కోతకి పైపొర గట్టిపడిపోతుంది, తర్వాతి పాస్‌లో ఆ పొర అంచుని ఒకేచోట కోసేస్తుంది. ప్రతి పాస్‌కీ డెప్త్ మార్చండి: 1.5, తర్వాత 1.2, అలాగ. స్పీడు పెంచి చూద్దామనుకోకండి. కార్బైడ్‌కి టేలర్ సూత్రంలో (స్పీడుకీ టూల్ ఆయుష్షుకీ లంకె చెప్పేది) ఘాతం 0.25 అనుకుంటే, 20 శాతం పెంచినా ఆయుష్షు సగానికి పడిపోతుంది.

కాకినాడ_సీఎన్‌సీ:
అరుగుదల తెలుసుకోవడానికి లోడ్ మీటర్‌ని (మోటారు మీద భారం చూపేది) రఫింగ్‌కే (ముతక కోతకే) నమ్మండి. కొత్త కార్నర్‌తో, అదే డెప్త్‌లో వచ్చిన రీడింగ్ రాసిపెట్టుకుని దాంతో పోల్చాలి. ఫినిషింగ్ కోత తేలిక, తేడా మీటర్‌లో తెలియదు.

కూలెంట్ (అంచుని చల్లబరిచే నూనె-నీళ్ల మిశ్రమం) కూడా చూడండి. మన తీరంలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పు. అందులో కలిపితే నూనె విడిపోయి పైకి తేలుతుంది, అంచుకి అందేది ఒట్టి నీళ్లే. ఆర్‌ఓ నీళ్లు తీసుకుని, నూనెని నీళ్లలో పొయ్యండి, నీళ్లని నూనెలో కాదు. రిఫ్రాక్టోమీటర్ (మిశ్రమం గాఢత చూసే పరికరం) రీడింగ్‌ని డబ్బా మీదున్న ఫ్యాక్టర్‌తో గుణించి, 304కి 8 శాతం దగ్గర ఉంచండి.