కామిక్స్ చదవకుండా సూపర్‌హీరో సినిమా చూస్తే ఏమైనా కోల్పోతామా?

ప్రశ్న

నేను కామిక్స్ చదువుతూ పెరిగినవాణ్ణి కాను. సూపర్‌హీరోలతో నా పరిచయమంతా వెండితెర మీదే. ఈ మధ్య ఒక మిత్రుడితో కూర్చుని 2016లో వచ్చిన ‘కెప్టెన్ అమెరికా: సివిల్ వార్’ చూశాను. విమానాశ్రయంలో రెండు జట్లు తలపడే ఘట్టాన్ని నేను నోరు వెళ్ళబెట్టుకుని చూస్తుంటే, ఆ కథను కామిక్‌గా చదివిన మా మిత్రుడు మాత్రం అడుగడుగునా నిట్టూరుస్తూ, అసలు కథలో స్పైడర్‌మ్యాన్ విలేకరుల ముందు ముసుగు తీసేస్తాడనీ, చివరికి కెప్టెన్ తనంతట తానే లొంగిపోతాడనీ, సినిమావాళ్ళు పేరు ఉంచుకుని కథను గాలికి వదిలేశారనీ చెబుతూ వచ్చారు. నాకు ఏ లోటూ కనిపించలేదు. ఇది నా అదృష్టమా, అజ్ఞానమా? మూలం ముందు చదవాలా, సినిమా చూశాక చదవాలా?

సమాధానం 1

మీ మిత్రుడు చెప్పిన మార్పులు నిజమే కానీ, వాటి వెనుక కారణాలు కూడా చెప్పి ఉంటే బాగుండేది. మార్క్ మిల్లర్ రాయగా స్టీవ్ మెక్‌నివెన్ బొమ్మలు గీసిన ఆ కామిక్ 2006–07లో 7 సంచికలుగా వచ్చింది. స్పైడర్‌మ్యాన్ తొలిసారి కనిపించింది 1962లో. అంటే ఆ ముసుగు తొలగేనాటికి పాఠకులు 44 ఏళ్ళుగా ఆ రహస్యాన్ని అతనితో పాటు మోస్తూ వచ్చారు. కాబట్టే ఆ ఒక్క బొమ్మకు అంత బరువు వచ్చింది. సినిమాలో ఆ కుర్రాడు మనకు పరిచయమై అరగంటైనా కాలేదు. అతను ముసుగు తీసినా, తీయకపోయినా ప్రేక్షకుడి గుండె ఎందుకు ఝల్లుమంటుంది?

హక్కుల చిక్కు మరొకటి. ఫెంటాస్టిక్ ఫోర్, ఎక్స్‌మెన్ పాత్రల చిత్రహక్కులు అప్పట్లో వేరే స్టూడియో చేతిలో ఉన్నందున, కామిక్‌లో సూపర్‌హీరోలు ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవాలనే చట్టం పక్షాన కీలకంగా నిలబడిన ఫెంటాస్టిక్ ఫోర్ నాయకుడు రీడ్ రిచర్డ్స్ ఈ సినిమా గడప తొక్కే వీలే లేదు. స్పైడర్‌మ్యాన్ సైతం 2015లో రెండు సంస్థలు ఒప్పందానికి వచ్చాకే ఇందులోకి రాగలిగాడు. అందుచేత దర్శకులు తమ చేతిలో ఉన్న పాత్రలతో, కెప్టెన్‌కూ అతని చిన్ననాటి మిత్రుడు బకీకీ మధ్య ఉన్న పాత స్నేహం చుట్టూ కథను అల్లుకున్నారు. నన్నడిగితే, చివర్లో ఆ ఇద్దరూ ఐరన్ మ్యాన్ మాత్రమే మిగిలి కొట్టుకునే ఆ ఘట్టం కామిక్ ముగింపు కన్నా మెరుగ్గా ఉంది. మీ మిత్రుడికి ఈ మాట చెప్పకండి.

సమాధానం 2

కథలో ఏది మారిందన్న లెక్క పక్కన పెట్టి, కాలం ఎవరి చేతిలో ఉందో చూడండి. నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ స్పైడర్‌మ్యాన్ ప్రేయసి గ్వెన్ స్టేసీ మరణం. అది 1973లో ‘ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 121వ సంచికలో వచ్చింది. ప్రతినాయకుడు గ్రీన్ గాబ్లిన్ ఆమెను వంతెన మీది నుంచి తోసేస్తాడు, స్పైడర్‌మ్యాన్ విసిరిన సాలెదారం కాలికి తగులుకుని ఆమెను ఆపుతుంది. సరిగ్గా ఆ గడిలోనే (పేజీలో ఒక్కో బొమ్మ ఉండే చట్రంలోనే), ఆమె మెడ పక్కన, ఏదో విరిగినట్టు ఒక చిన్న శబ్దం అక్షరాల్లో రాసి ఉంటుంది. అతను దాన్ని గమనించడు. కాపాడానన్న సంబరంతో పైకి లాగుతుంటాడు. గమనించిన పాఠకుడికి మాత్రం తరువాతి గడులన్నీ చదవడం నరకం. పడిపోవడం వల్లే చనిపోయిందని గాబ్లిన్ అంటాడు, కొన్ని నెలల తరువాత అదే పత్రిక ఉత్తరాల పేజీలో సాలెదారం ఒక్కసారిగా ఆపడం వల్లే ప్రాణం పోయిందని జవాబిచ్చారు. కర్ణుడి చావుకు కారణాలు వెతికినట్టు అభిమానులు ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నారు.

2014 నాటి ‘ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 2’ సినిమాలో ఇదే సంఘటన గడియార స్తంభం లోపల జరుగుతుంది. కాలం దాదాపు ఆగిపోయినంత నెమ్మదిగా నడుస్తుండగా, సాలెదారం కొస చేతివేళ్ళలా విచ్చుకుని ఆమెకోసం చాస్తుంది, అందుకునే క్షణంలోనే ఆమె తల నేలకు తగులుతుంది. చూడడానికి అది ఎంతో అందంగా ఉంటుంది, కాదనను. కానీ ఎంతసేపు చూడాలో, ఎక్కడ చూడాలో దర్శకుడే నిర్ణయించాడు. కామిక్‌లో ఆ నిర్ణయం మనదే. శబ్దాన్ని దాటేసి పేజీ తిప్పేసే స్వేచ్ఛ కూడా మనదే. పైగా అపరాధం స్వభావమే మారిపోయింది. అక్కడ కాపాడబోయి చంపాడేమో అన్న అనుమానం ఉంటే, ఇక్కడ మిగిలింది ఆలస్యమైందన్న దుఃఖం.

కాబట్టి నా మట్టుకు నేను, ముందు సినిమా చూసి, తరువాత కామిక్ చదవమంటాను. తారుమారైతే మనసు పోలికలు వెతకడంలోనే పడిపోయి, ఎదుట ఉన్న నటుడి ముఖం సరిగ్గా చూడనివ్వదు.

సమాధానం 3

ఈ సూత్రానికి ‘వాచ్‌మెన్’ను మినహాయించండి. అలన్ మూర్, డేవ్ గిబ్బన్స్‌ల ఆ 12 సంచికలు (1986–87) ముందుగానే చదవాలి. పేజీకి 9 గడుల చొప్పున పరిచిన ఆ అమరికలో, అయిదవ సంచిక మొదటి పేజీ చివరి పేజీకి అద్దంలో ప్రతిబింబంలా ఉంటుంది. వెనక్కీ ముందుకీ తిప్పి చూసేవారికే అది దొరుకుతుంది. 2009 నాటి చిత్రం అనేక గడులను ఉన్నవి ఉన్నట్టు తెరకెక్కించి, ముగింపును మాత్రం మార్చింది. అంత విధేయంగా తీసినా, తిప్పి చూసే పేజీని అది ఎక్కడి నుంచి తెస్తుంది?

ప్రశ్న అడిగినవారు

రెండవ సమాధానం చదివాక ఆ 121వ సంచిక సంపాదించి చదివాను. ఏమి వెతకాలో ముందే తెలిసి ఉండి కూడా, మొదటిసారి ఆ శబ్దాన్ని దాటేసి తరువాతి పేజీలోకి వెళ్ళిపోయాను. వెనక్కి తిప్పి చూస్తే అక్కడే ఉంది, చాలా చిన్న అక్షరాల్లో.