చీలమండ గాయానికి డిజెబిలిటీ పెన్షన్ తిరస్కరించారు: అప్పీలులో ఏం రాయాలి?

ప్రశ్న: మాజీ హవల్దార్, శ్రీకాకుళం జిల్లా

అందరికీ నమస్కారం. నేను సైన్యంలోని ఆర్టిలరీలో (ఫిరంగి దళంలో) 20 ఏళ్ళు పనిచేసి 2023 జూలైలో రిటైరయ్యాను. 2015లో మా బ్రిగేడ్ యూనిట్ల మధ్య జరిగిన వాలీబాల్ పోటీలో ఎగిరి దిగేటప్పుడు కుడికాలు మడతపడి, చీలమండ బయటివైపు ఎముక విరిగింది. మిలిటరీ ఆసుపత్రిలో ప్లేటు, స్క్రూలు వేశారు. ఆ తరువాత రిటైరయ్యేదాకా లో మెడికల్ కేటగిరీలోనే, అంటే పూర్తి ఫిట్‌నెస్ లేనివారి వర్గంలోనే, ఉన్నాను.

రిటైరయ్యే ముందు పరీక్షించే రిలీజ్ మెడికల్ బోర్డు నా వైకల్యం 20 శాతమని, అది జీవితాంతం ఉంటుందని రాసింది. అయితే ఈ గాయం సర్వీసు వల్ల కలిగినదీ కాదు, సర్వీసు వల్ల ముదిరినదీ కాదు అని అదే కాగితంలో తేల్చింది. కారణం రాయవలసిన చోట ‘ఆటలో తగిలిన గాయం’ అన్న ఒక్క ముక్కే ఉంది. పెన్షన్ తిరస్కరిస్తున్నామని, ఆరు నెలల్లోగా అప్పీలు చేసుకోవచ్చునని ఇప్పుడు ఉత్తరం వచ్చింది.

మెట్లు దిగాలంటే పక్కనున్న గోడ పట్టుకోవలసి వస్తోంది, పొలం గట్టు మీద పది అడుగులు వేస్తే మడమ పైభాగం వాచిపోతోంది. నొప్పి పెరిగిందని కొత్త ఎక్స్‌రే తీయించి జతచేస్తే సరిపోతుందా? అప్పీలుతో పని లేదు, నేరుగా సైనికుల కేసులు వినే ట్రిబ్యునల్‌కు వెళ్ళమని కొందరు అంటున్నారు. పెద్దలు దారి చూపగలరు.

జవాబు: రిటైర్డ్ సుబేదార్ (క్లర్క్), సికింద్రాబాద్

తమ్ముడూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. డిజెబిలిటీ పెన్షన్‌లో రెండు వేరువేరు ప్రశ్నలు ఉంటాయి: వైకల్యం ఎంత శాతం అన్నది ఒకటి, అది సర్వీసు వల్ల వచ్చిందా అన్నది రెండవది. కనీసం 20 శాతం ఉండాలన్న షరతును మీరు ఇప్పటికే దాటారు. మీరు ఓడింది రెండవ ప్రశ్నలో. కొత్త ఎక్స్‌రే ఎంత స్పష్టంగా ఉన్నా అది మొదటి ప్రశ్నకే జవాబు చెబుతుంది గనుక, అప్పీలు బరువంతా దాని మీద పెట్టవద్దు.

మీ కేసును నిలబెట్టేది 2015 నాటి కాగితం. గాయపడినప్పుడు యూనిట్ నింపే ఇంజురీ రిపోర్టు, అంటే ఐఏఎఫ్‌వై-2006 ఫారం, అందులో మనిషి డ్యూటీలో ఉన్నాడా లేదా అన్న దానిపై కమాండింగ్ ఆఫీసరు అభిప్రాయం, కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (సైన్యం లోపలి విచారణ) జరిగి ఉంటే దాని నివేదిక, ఆ పోటీకి యూనిట్ ఇచ్చిన ఆర్డరు: వీటిలో మీ దగ్గర ఉన్నవి వెదకండి, లేనివాటి కోసం సమాచార హక్కు చట్టం కింద రికార్డు ఆఫీసుకు అర్జీ పెట్టండి. సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి. ఏఎఫ్‌ఎమ్‌ఎస్‌ఎఫ్-16 అనే రిలీజ్ మెడికల్ బోర్డు కాగితాల పూర్తి ప్రతిని కూడా అదే అర్జీలో అడగండి. బోర్డు ఏ కారణం చూపిందో అక్షరం అక్షరం చదవకుండా అప్పీలు రాయకూడదు.

మిలిటరీ అధికారులు ఏర్పాటు చేసిన, లేదా అనుమతించిన ఆటల పోటీలో పాల్గొనడాన్ని ఈ పెన్షన్‌కు ఎవరు అర్హులో చెప్పే ఎన్‌టైటిల్‌మెంట్ నియమాలు డ్యూటీగానే లెక్కిస్తాయి. బోర్డు రాసిన ‘ఆటలో తగిలిన గాయం’ అన్న మాట మీకు అడ్డం కాదు, ఆ ఆట యూనిట్ ఆర్డరు మీద ఆడినదని చూపగలిగితే అదే మీకు ఆధారం. అప్పీలు మొదటి పేరాలోనే ఈ మాట రాయండి. మీరు 2023 జూలైలో రిటైరై వచ్చారు గనుక మీకు వర్తించేవి 2008 నియమాలు. 2023 సెప్టెంబరులో వచ్చిన కొత్త నియమాలను ఉటంకించి గందరగోళం తెచ్చుకోవద్దు.

జవాబు: మాజీ నాయక్, గుంటూరు జిల్లా

అన్నగారూ, నాదీ చీలమండ గాయమే, కానీ నా అప్పీలు నిలవలేదు. సెలవులో ఇంటికి వచ్చి డాబా మీద పని చేసుకుంటూ జారిపడ్డాను. సెలవులో సొంత పని చేసుకుంటూ తగిలిన దెబ్బకు సర్వీసుతో సంబంధం చూపడం ఎంత కష్టమో నాకు తెలిసివచ్చింది. మీది అలాంటిది కాదు, ధైర్యంగా ఉండండి. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి: మళ్ళీ మెడికల్ బోర్డుకు పిలిస్తే నొప్పిని పెంచీ చెప్పవద్దు, పంటి బిగువున దాచనూ వద్దు. చీలమండ పైకి ఎంత వంగుతోందో, కిందికి ఎంత వంగుతోందో డాక్టరు డిగ్రీల్లో కొలుస్తారు. నొప్పి ఎక్కడ మొదలవుతోందో అక్కడే చెప్పండి. ఓర్చుకోవడం మనకు అలవాటు, కానీ ఆ గదిలో ఓర్చుకుంటే కొలత తప్పుతుంది.

జవాబు: న్యాయవాది, హైదరాబాద్

నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్ళమన్న సలహాను నేను సమర్థించను. సాయుధ దళాల ట్రిబ్యునల్ చట్టం, 2007లోని 21వ సెక్షన్ ప్రకారం అందుబాటులో ఉన్న అప్పీళ్ళను మామూలుగా ముందు వాడుకోవాలి. మొదటి అప్పీలు, అది పోతే రెండవ అప్పీలు, ఆ తరువాతే మన రెండు రాష్ట్రాలకు వర్తించే చెన్నై బెంచి. అప్పీలు పెట్టిన ఆరు నెలల దాకా నిర్ణయం రాకపోతే ఆగకుండా ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు.

ధరంవీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును చాలామంది ప్రతి అప్పీలులోనూ దించుతారు. చేరేటప్పుడు ఆరోగ్యంగా ఉన్నాడని నమోదైతే ఆ తరువాతి జబ్బు సర్వీసు వల్లనే వచ్చిందని భావించాలన్న ఆ తీర్పు ఎంతో విలువైనదే. అయితే మీ గాయానికి తేదీ, స్థలం, కారణం అన్నీ ఉన్నాయి గనుక మీ ప్రధాన వాదం నియమాల మీదే నడవాలి, తీర్పు దానికి తోడుగా రావాలి.

డబ్బు సంగతి కూడా తెలుసుకోండి. నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం లెక్కన డిజెబిలిటీ ఎలిమెంట్, అంటే పెన్షన్‌లో వైకల్యానికి ఇచ్చే భాగం, వస్తుంది. లెక్కించే జీతం 50,000 రూపాయలు అనుకుంటే 20 శాతానికి నెలకు 3,000 వస్తుంది. 20ని 50 శాతంగా రౌండాఫ్ చేస్తే 7,500 అవుతుంది, కరువు భత్యం అదనం. సర్వీసు పూర్తిచేసి వచ్చినవారికి కూడా ఈ రౌండాఫ్ వర్తిస్తుందని రామ్ అవతార్ కేసులో 2014 డిసెంబరు 10న సుప్రీంకోర్టు చెప్పింది. దీన్ని అర్జీలో విడిగా, స్పష్టంగా అడగండి. కాలయాపన చేస్తే బకాయిలు అర్జీకి ముందు మూడేళ్ళకే పరిమితం కావచ్చు.

ప్రశ్న వేసినవారి మాట

సుబేదార్ సాబ్, మీరు చెప్పాక ఇనుప ట్రంకు పెట్టె అంతా తీసి చూశాను. ఇంజురీ రిపోర్టు జిరాక్స్ దొరికింది. డ్యూటీలో ఉన్నాడు అన్నచోట కమాండింగ్ ఆఫీసరు సంతకం ఉంది. ఎనిమిదేళ్ళుగా ఇంట్లోనే ఉన్న కాగితాన్ని బోర్డు ముందు పెట్టాలని నాకు తోచనేలేదు. పోటీ ఆర్డరు మాత్రం లేదు.

జవాబు: రిటైర్డ్ సుబేదార్ (క్లర్క్), సికింద్రాబాద్

చాలా సంతోషం తమ్ముడూ. ఆ జిరాక్స్‌కు మరో నాలుగు ప్రతులు తీయించి, అసలు ప్రతిని రికార్డు ఆఫీసు నుంచి తెప్పించమని అప్పీలులోనే కోరండి. ఆర్డరు కోసం సమాచార హక్కు అర్జీ ఈ వారమే వేయండి, అది వచ్చేదాకా అప్పీలును మాత్రం ఆపవద్దు. ఆ రోజు మీతో ఆడినవారిలో ఇద్దరు నోటరీ ముందు ప్రమాణపత్రం ఇస్తే జతచేయండి. ముసాయిదా రాశాక జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒకసారి చూపించి, రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదును ఆ రిపోర్టుతోపాటు అదే పెట్టెలో భద్రపరచండి.