‘దుష్ప్రభావం’లో ‘అనుకోకుండా’ ఎక్కడుంది?

మందు వేసుకున్నప్పుడు మనం కోరిన గుణంతోపాటు కోరనిది కూడా వెంట వస్తే, దానిని ‘దుష్ప్రభావం’ అని రాయడం పత్రికల్లో స్థిరపడిపోయింది. మాట తప్పు కాదు గాని, అందులో చెడు అన్న అర్థమే తప్ప, ఉద్దేశించకుండా పక్కన వచ్చిపడింది అన్న అర్థం లేదు. అందుకే ‘పొగతాగడం వల్ల కలిగే దుష్ప్రభావాలు’ అని నిక్షేపంగా అనగలుగుతున్నాం. అక్కడ మనం కోరిన మేలంటూ ఏదీ లేదు కదా! మరోవైపు, రక్తపోటుకు మినాక్సిడిల్ బిళ్లలు వాడినవారిలో వెంట్రుకలు పెరగడం గమనించాకే ఆ మందు బట్టతలకు పూతగా వచ్చింది. ఆ గుణానికి ‘దుష్’ తగిలించడానికి నాకు మనసొప్పదు.

తమిళంలో ‘పక్క విళైవు’, కన్నడంలో ‘అడ్డ పరిణామ’, మలయాళంలో ‘పార్శ్వఫలం’ అంటారు. మూడింటిలోనూ మంచిచెడ్డల ప్రసక్తి లేదు. మనకూ ‘పార్శ్వ ప్రభావం’ ఉంది గాని, పార్శ్వం అనగానే సగం తల పట్టేసే నొప్పే గుర్తుకు వస్తుంది.

వాడుకలో ఉన్న క్రియలు ఇంతకంటే సూక్ష్మమైనవి. జలుబు బిళ్ల వేసుకుని మధ్యాహ్నమంతా తూగిన మా అమ్మ, ‘ఈ బిళ్ల నాకు పడలేదురా’ అన్నది. దోషం బిళ్లదని గాని, తన ఒంటిదని గాని తేల్చకుండా, రెండింటికీ పొసగలేదని మాత్రమే చెప్పింది. అదే ‘మందు వికటించింది’ అని ఉంటే ఇంటిల్లిపాదీ ఆసుపత్రికి పరుగెత్తేవాళ్లం. ‘బెడిసికొట్టడం’ పన్నాగాలకు చెల్లుతుంది, మందులకు అంతగా అతకదు. ‘వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది’ అన్న సామెతను కూడా ఇక్కడికి లాగలేము, ఎందుకంటే అందులో తలపెట్టిన పనే చెడింది. మన సందర్భంలో జలుబు తగ్గింది, నిద్ర అదనంగా వచ్చింది.

ఈ ‘అదనంగా’ అన్న భావానికి సంస్కృత వ్యాకరణంలో ‘ఆనుషంగికం’ అన్న మాట ఉంది. ‘భిక్షామట, గాం చానయ’ అన్నది దానికి ప్రసిద్ధమైన ఉదాహరణ: భిక్షకు వెళ్లు, ఆవు కనబడితే దానినీ తోలుకురా. భిక్ష ప్రధానం, ఆవు ఆనుషంగికం. భావం దాదాపు సరిపోతుంది గాని, మందుల దుకాణంలో నిలబడి ‘దీనికి ఆనుషంగిక ఫలితాలు ఏమైనా ఉన్నాయా?’ అని అడిగే ధైర్యం నాకు లేదు. అక్కడ నేనూ ‘సైడ్ ఎఫెక్టులు’ అనే అంటాను.

‘దుష్ప్రభావం’ బదులు ‘దుష్ఫలితం’ రాసేవారు మాత్రం ‘ఫ’ ఒత్తును మరువకూడదు. ‘దుష్పలితం’ తరచుగా కనబడుతున్నది.