సంస్థానం కాలేజీ ఇచ్చింది సరే, చెరువు మదుము (తూము) ఎవరు బాగుచేయించాలి?

కోట జంక్షన్:
విజయనగరంలో 1857లో బడి, 1879లో కాలేజీ పెట్టింది సంస్థానమే. జిల్లా బోర్డులు, పంచాయతీలు చేయలేని పని ఒక్క కుటుంబం చేసింది. ఎస్టేట్లు రద్దు చేసుకుని మనం బాగుపడ్డామా?

మందస రైతుబిడ్డ:
కాలేజీ గొప్పదే మాస్టారూ, మా నాన్న అక్కడే చదివారు. ఆ డబ్బు ఎక్కడిదో కూడా చూడాలి కదా. 1802 శాశ్వత ఒప్పందంలో విజయనగరం జమీందారు సర్కారుకి కట్టాల్సిన పేష్కషు ఏడాదికి సుమారు 5 లక్షలని తేల్చేశారు. ఆ తర్వాత ఎంత బంజరు సాగులోకి వచ్చినా సర్కారుకి కట్టేది అంతే. రైతు కట్టే శిస్తు మాత్రం పెరుగుతూ పోయింది. కాలేజీ ఆ మిగులులోదే.

కోట జంక్షన్:
కావచ్చు. కానీ అప్పట్లో చెరువుకి ఒక దిక్కుండేది. ఇప్పుడు మా ఊరి మదుముకి తలుపే లేదు. పంచాయతీ వాళ్లు ఇరిగేషన్ అంటారు, ఇరిగేషన్ వాళ్లు పంచాయతీ అంటారు.

మందస రైతుబిడ్డ:
ఆ బాధ మాకూ ఉంది. అయితే 1908 ఎస్టేట్ భూముల చట్టంలో చెరువుల మరమ్మతుకే ఒక అధ్యాయం ఉండేది. జమీందారు చేయించకపోతే రైతులు కలెక్టరుకి అర్జీ పెట్టుకోవచ్చని అందులో ఉండేది. అడక్కుండానే చేయించేవాళ్లయితే ఆ అధ్యాయం రాయాల్సిన పనేముంది?

బోర్డుల సంగతీ చూడండి. బోర్డుల కోసం భూమి మీద వేసే ల్యాండ్ సెస్సులో సగం జమీందార్లు రైతు దగ్గరే రాబట్టేవారు. రైతుకి కాస్త అందుబాటులో ఉన్న తాలూకా బోర్డులు 1934లో రద్దయ్యాయి. అప్పుడు మద్రాసు ప్రభుత్వాన్ని నడుపుతున్నది బొబ్బిలి రాజావారే. 1937 ఎన్నికల్లో వి.వి.గిరి చేతిలో ఆయన ఓడిపోయారు. 1940లో మందస జమీందారీ అడవి కలప గొడవ పోలీసు కాల్పులదాకా వెళ్లి గున్నమ్మ అనే రైతు మహిళ ప్రాణం తీసింది. ఆ రైతులు తమ గోడు చెప్పుకోవడానికి ఏ బోర్డుంది?

నాగావళి గట్టు:
ఇద్దరూ కరణాన్ని మరిచారు. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి, 1959లో పంచాయతీరాజ్ వచ్చింది. ఊరి లెక్కలు మాత్రం 1984 దాకా చాలాచోట్ల అవే కరణాల ఇళ్లలో ఉన్నాయి. ఏ పొలం ఎవరు సాగుచేస్తున్నారో రాసే అడంగల్ ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్లదే. సర్పంచి సంతకానికే మిగిలాడు.

మందస రైతుబిడ్డ:
నిజం. అందుకే నేననేది, చెరువు ఒక్కటే కాదు, నీటి తీరువా డబ్బు కూడా పంచాయతీకే ఇవ్వాలి. మాస్టారూ, మదుము తలుపు విషయం ఈసారి గ్రామసభలో తీర్మానం చేయించండి. కాపీ చేతిలో ఉంటే ఇరిగేషన్ వాళ్లని రాతపూర్వకంగా అడగొచ్చు.